కందెన

ఎడ్లబండి తెలుగు పల్లెకు ప్రధాన వాహనంగా ఉన్న రోజుల్లో దూరప్రయాణానికి ముందు రైతు తప్పక చేసే పని ఒకటి ఉండేది. అది చక్రాన్ని ఊడదీసి ఇరుసుకు కందెన రాయడం. ఆముదంలో కాల్చిన గడ్డి మసిని కలిపి చేసిన ఆ నల్లని ముద్దకు ఎవరూ విలువ కట్టేవారు కారు. బండిని అమ్మేటప్పుడు అది లెక్కలోకి వచ్చేది కాదు. అయినా కందెన లేని బండి ఊరి పొలిమేర దాటకముందే కిర్రుమంటుంది. ఇరుసు అరుగుతుంది, చక్రం వదులవుతుంది, చివరకు బరువుతో నడిదారిలో కూలబడుతుంది. బండిని చేసిన వడ్రంగి ఎంత నేర్పరి అయినా, వాడిన కర్ర ఎంత చేవ గలదైనా, బండి ఆయుష్షును నిర్ణయించేది ఆ పిడికెడు కందెనే.

నిర్మాణం ఒకనాటి పని. సంరక్షణ ప్రతినాటి పని. మొదటిదానికి ప్రశంసలు లభిస్తాయి. రెండవది ఎవరి కంటా పడదు. ఈ సత్యం ఎడ్లబండికి ఎంతగా వర్తిస్తుందో, నాలుగు చక్రాలకూ శక్తినందించే పాత డీజిల్ జీపుకూ అంతగానే వర్తిస్తుంది. పాత బండి నమ్మదగినదా, కాదా అనే ప్రశ్నకు సమాధానం దాని తయారీ సంవత్సరంలో మాత్రమే వెతకడం పొరపాటు. దానిని చూసుకొన్న చేతులలో ఆ సమాధానంలో ఎక్కువ భాగం దొరుకుతుంది.

హైదరాబాదు పడమటి దిక్కున, రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోని నానక్‌రామ్‌గూడ ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన చోటు. కోట్ల సంవత్సరాల వయసు గల గ్రానైటు బండల నడుమ ఒకప్పుడు ఒదిగి ఉన్న చిన్న గ్రామమిది. 1998 నవంబరులో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత సమాచార సాంకేతిక పరిశ్రమ క్రమంగా ఇటువైపు విస్తరించింది. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారికి ఇక్కడ ఒక ముఖ్యమైన కూడలి ఏర్పడింది. 2019లో అమెజాన్ సంస్థ, 2023లో అమెరికా కాన్సులేటు తమ నూతన ప్రాంగణాలను ఈ పరిసరాలలోనే ప్రారంభించాయి. బండల మీద అద్దాల మేడలు వెలిశాయి. ఒకప్పటి మట్టిబాటలు విశాలమైన తారు రోడ్లయ్యాయి.

ఆ మేడల సెల్లార్లలో కొత్త కార్ల పక్కన అక్కడక్కడ పాత జీపులు, పాత సఫారీలు, స్కార్పియోలు కనిపిస్తాయి. కొన్ని జిల్లాల నుండి తరలివచ్చిన కుటుంబాలతో వచ్చినవి; కొన్ని అభిరుచితో కొనుక్కొన్నవి. నెలల తరబడి దుమ్ము కప్పుకొని ఉన్న ఆ బండ్ల గురించి ఇంటింటా ఒకే రకమైన వాదం నడుస్తుంది. "ఎప్పుడు ఆగిపోతుందో తెలియని దానిని ఎందుకు మోయడం?" అంటారు ఒకరు. "ఇప్పటి బండ్లకు ఆ గట్టితనం ఎక్కడిది?" అంటారు మరొకరు. ఒకరు వయసును చూసి శిక్ష వేస్తున్నారు. మరొకరు జ్ఞాపకాన్ని చూసి కిరీటం పెడుతున్నారు. బండి ప్రస్తుత స్థితిని పరిశీలించాలన్న ఆలోచన ఇద్దరికీ లేదు.

ఈ వాహనానికి గట్టిదనే పేరు ఊరకనే రాలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం అమెరికాలో రూపొందిన జీపు దారి లేని చోట దారి చేసుకొని పోగలదని నిరూపించుకొంది. 1945లో స్థాపితమై, తరువాత మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకొన్న సంస్థ 1947లో విల్లీస్ జీపును భారతదేశానికి పరిచయం చేసింది. మొదట పెట్రోలుతో నడిచిన ఈ జీపుల్లో కాలక్రమంగా డీజిల్ ఇంజన్లు చోటు చేసుకొన్నాయి. వాటిలో కొన్ని ట్రాక్టరు ఇంజన్ల వంశానికి చెందినవి. మరికొన్ని ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ రూపకల్పన నుండి వచ్చినవి. 1998లో టాటా సఫారీ, 2002లో స్కార్పియో రంగప్రవేశం చేశాయి. ఈ రెండింటిలోనూ నాలుగు చక్రాలకు శక్తినందించే రకాలు వెలువడ్డాయి.

తెలుగు నేల మీద జీపు కేవలం వాహనం కాదు, పాలనకు గుర్తు కూడా. 1985లో మండల వ్యవస్థ ఏర్పడిన తరువాత పల్లెకు ప్రభుత్వం వచ్చిందంటే జీపు వచ్చిందనే అర్థం. కరువు పరిశీలనకు, ఎన్నికల పెట్టెల తరలింపునకు, తుఫాను బాధితుల పరామర్శకు అదే ఆధారం. పాడేరు, అరకు వంటి మన్యప్రాంతాల ఘాటు రోడ్లలో బస్సు వెళ్ళలేని ఊళ్ళకు జనాన్ని, ధాన్యాన్ని, రోగులను చేరవేసింది జీపే. అటువంటి చోట బండి ఆగిపోవడం అసౌకర్యంతో తీరేది కాదు. ఒక్కొక్కప్పుడు ప్రాణంతో చెలగాటం. అందుచేతనే ఆ బండ్లను నడిపినవారు వాటిని బిడ్డల్లా చూసుకొన్నారు. జీపుకు వచ్చిన మంచి పేరులో ఉక్కుకు ఎంత భాగం ఉందో, ఆ డ్రైవర్ల శ్రద్ధకూ అంత భాగం ఉంది.

డీజిల్ ఇంజను స్వభావాన్ని తెలుసుకొంటే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో తన ఇంజనును విజయవంతంగా నడిపి చూపాడు. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనాన్ని మండిస్తుంది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ లేదు. సిలిండరులోని గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు అణచివేస్తే అది 500 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలో చిమ్మిన డీజిల్ తనంతట తానే మండుతుంది. పాత ఇంజనుకు గాలి, శుభ్రమైన ఇంధనం, సరైన ఒత్తిడి ఉంటే చాలు. ఒకసారి మొదలైన తరువాత విద్యుత్తుపై పెద్దగా ఆధారపడకుండానే నడుస్తుంది. కొత్త ఇంజన్లలో కంప్యూటరు ఆజ్ఞతో వెయ్యి బార్లకు మించిన ఒత్తిడిలో ఇంధనం చిమ్ముతుంది. పాత ఇంజన్లలో ఆ పనిని సాధారణ పంపు, నాజిళ్ళు అంతకంటె ఎంతో తక్కువ ఒత్తిడితో నెరవేరుస్తాయి. దారి మధ్యలో పాడైనా పానాలు, స్క్రూడ్రైవరు గల మెకానిక్ బాగుచేయగల సరళత పాత ఇంజనుది.

అయితే సరళమైనది కనుక సంరక్షణ అవసరం లేదనుకోవడం పొరపాటు. గాలిని అంతగా అణచాలంటే పిస్టన్ రింగులు, వాల్వులు బిగువుగా ఉండాలి. అవి అరిగితే గాలి జారిపోతుంది, వేడి చాలదు, చలికాలపు ఉదయాన బండి మొరాయిస్తుంది. వాటిని అరగకుండా కాపాడేది ఇంజను ఆయిలు. డీజిల్ మండినప్పుడు పుట్టే మసి ఆయిలులో చేరి దానిని నల్లబరుస్తుంది. గడువు దాటిన ఆయిలు రక్షణ ఇవ్వకపోగా అరుగుదలకు తోడ్పడుతుంది. బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లు పూర్తి కాకపోయినా, చెప్పిన నెలలు పూర్తయితే ఆయిలు మార్చవలసిందే. "బండి తిరగలేదు కదా" అనే సాకుకు యంత్రశాస్త్రంలో చోటు లేదు.

ఇంజను ప్రాణం ఆయిలు అయితే, దాని ఊపిరి గాలి. రాళ్ళు పగలగొట్టి మేడలు కడుతున్న ప్రాంతంలో గాలిలో రాతిపొడి అధికం. గాలి ఫిల్టరు మూసుకుపోతే ఇంజనుకు ఊపిరాడదు. ఫిల్టరు చినిగితే ఆ పొడి సిలిండరులో చేరి ఆకురాయిలా గీస్తుంది. ఇక నీటి సంగతి. రేడియేటరులో బోరునీరు పోసే అలవాటు ఇంకా పోలేదు. ఆ నీటిలోని సున్నపు పదార్థం సన్నని గొట్టాలలో పేరుకొని దారిని మూసివేస్తుంది. వేసవిలో ఇంజను కాగి, హెడ్డు వంగి, గ్యాస్కెట్ పాడైన తరువాత అయ్యే ఖర్చుతో పోలిస్తే శుభ్రమైన నీటికి, కూలెంటుకు అయ్యే ఖర్చు లెక్కలోనిది కాదు.

ఇంధనం విషయంలో పాత బండ్ల యజమానులకు ఒక భయం ఉంది. హైదరాబాదులో కాలుష్య ప్రమాణాలు మెట్టుమెట్టుగా కఠినమైన కొద్దీ డీజిలులోని గంధకం తగ్గుతూ వచ్చింది. భారత్ స్టేజ్-2 నాడు పది లక్షల భాగాలకు 500 భాగాలుగా ఉన్నది స్టేజ్-3లో 350కి, స్టేజ్-4లో 50కి తగ్గింది. 2020 ఏప్రిల్‌లో దేశమంతటా అమలైన స్టేజ్-6లో 10కి చేరింది. గంధకాన్ని తొలగించే ప్రక్రియలో డీజిలుకు సహజంగా ఉన్న జిడ్డుగుణం కొంత పోతుందన్న మాట నిజమే. డీజిలునే కందెనగా వాడుకొనే పాత పంపులకు ఇది ముఖ్యమైన విషయం. అయితే ఆ లోపాన్ని పూరించే పదార్థాలను శుద్ధి కర్మాగారాల్లోనే కలుపుతారు. డీజిలుకు ఉండవలసిన జిడ్డుగుణానికి ప్రమాణం కూడా ఉంది. కనుక భయపడవలసింది ప్రమాణం గల డీజిలుకు కాదు, కల్తీకి. కిరోసిను కలిపిన డీజిలు పంపును, నాజిళ్ళను త్వరగా నాశనం చేస్తుంది. వానాకాలంలో ఫిల్టరు అడుగున చేరే నీటిని వదిలివేయడం, గట్టిపడిన పాత రబ్బరు సీళ్ళను మార్చడం యజమాని కనీస ధర్మం.

యంత్రం తన బాధను దాచుకోదు. వినగలవారికి శబ్దంతో, చూడగలవారికి పొగతో చెబుతుంది. నల్లని పొగ గాలికంటె ఇంధనం ఎక్కువయిందనడానికి గుర్తు; ఫిల్టరునో, నాజిళ్ళనో పరీక్షించాలి. నీలిపొగ ఇంజను ఆయిలు మండుతున్నదని హెచ్చరిక. వదలని తెల్లపొగ ఇంధనం సరిగా మండకపోవడానికో, నీరు సిలిండరులోకి చేరడానికో సూచన. మహాభారతంలోని నలోపాఖ్యానంలో బాహుకుని రూపంలో ఉన్న నలుడు ఋతుపర్ణుని రథాన్ని తోలుకొని వస్తుంటే, దమయంతి ఆ రథధ్వనిని విని అది నలుని సారథ్యమని ఊహిస్తుంది. ముప్పయి ఏళ్ళు ఇంజన్ల మధ్య గడిపిన మెకానిక్కు కూడా అటువంటి వినికిడి అలవడుతుంది. టప్పెట్ల చప్పుడుకు, బేరింగు మోతకు గల తేడాను అతడు మూతి విప్పకముందే చెప్పగలడు. అది మహిమ కాదు. శ్రద్ధతో కూడిన అభ్యాసం.

నాలుగు చక్రాల శక్తి విషయంలో నగరవాసి రెండు తప్పులు చేస్తాడు. కొందరు దానిని ఎన్నడూ వాడరు. మరికొందరు వాడకూడని చోట వాడతారు. పాత జీపులలో మామూలుగా వెనుక చక్రాలకే శక్తి అందుతుంది. చిన్న గేరు కడ్డీని మార్చినప్పుడు ముందు ఇరుసు కూడా దానితో కలుస్తుంది. అప్పుడు రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరగాలి. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకంటె ఎక్కువ దూరం నడవాలి. మట్టిలో, ఇసుకలో చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకొంటుంది. పొడి తారు రోడ్డు మీద జారడానికి వీలుండదు. ఆ బిగువంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. అందువల్ల బాహ్య వలయ రహదారి మీద నాలుగు చక్రాలను కలిపి నడపడం శక్తి ప్రదర్శన కాదు, అజ్ఞాన ప్రదర్శన.

వాడకపోవడం ఇంతకంటె నిశ్శబ్దమైన శత్రువు. కదలని ముందు ఇరుసులో ఆయిలు అడుగున పేరుకొంటుంది. పై పళ్ళు పొడిబారి తుప్పు పడతాయి. సీళ్ళు ఎండి పగుళ్ళిస్తాయి. బ్రేకు సిలిండర్లు బిగుసుకొంటాయి. బ్యాటరీ నీరసిస్తుంది. ఎలుకలు వైర్లను కొరుకుతాయి. నెలకొకసారైనా బండిని బయటకు తీసి, మట్టినేల మీద కొద్ది కిలోమీటర్లు నాలుగు చక్రాలనూ కలిపి నడిపితే ఆయిలు అన్ని గేర్లకూ అందుతుంది. సెల్లారులో పదేళ్ళు నిలిచిన బండికంటె, కొండదారుల్లో లక్ష కిలోమీటర్లు తిరిగి సకాలంలో సేవలు పొందిన బండి ఎక్కువ నమ్మదగినది. తక్కువ తిరిగిందన్న ఒక్క కారణంతో పాత బండిని కొనేవారు ఈ మాటను గుర్తుంచుకోవాలి.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదును ముంచెత్తిన వానలు మరొక పాఠం నేర్పాయి. వీధులు వాగులై అనేక వాహనాలు నీట మునిగాయి. ఎత్తైన జీపు నీటిలో ఎంతదూరమైనా పోగలదన్న నమ్మకం ప్రమాదకరం. గాలిని పీల్చే గొట్టంలోకి నీరు చేరితే అది సిలిండరులోకి వెళుతుంది. గాలిని అణచవచ్చు గాని నీటిని అణచలేము; ఆ దెబ్బకు కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నీటిలో ఆగిన బండిని మళ్ళీ మళ్ళీ స్టార్టు చేయడం రోగికి విషం పోయడంతో సమానం. క్షేమంగా దాటిన బండికి కూడా పరీక్ష తప్పదు. ఇరుసులలోని గేరు ఆయిలు పాలు కలిసిన కాఫీ రంగులోకి మారితే నీరు చేరిందని గ్రహించి వెంటనే మార్చాలి.

ఇంతటి జాగ్రత్తను ఒక్క యజమాని వహించలేడు. అతనికి తోడుగా ఒక వృత్తిసమాజం ఉండాలి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల బోరింగు పని చేసేవారు, నాజిళ్ళు సరిచూసేవారు, కమాను కట్టలు సవరించేవారు, రేడియేటరు అతికేవారు పక్కపక్కనే ఉంటారు. తయారీ సంస్థ మరచిపోయిన భాగాన్ని కూడా లేతు యంత్రం మీద తిరిగి సృష్టించగల నేర్పరులు వారిలో ఉన్నారు. పెద్దమేస్త్రీ చేతి కింద పానాలు అందిస్తూ నేర్చుకొన్న విద్య అది. పారిశ్రామిక శిక్షణ సంస్థల్లో మెకానిక్ డీజిల్ అనే కోర్సు ఉన్నప్పటికీ, చదువుకొన్న కుటుంబాలు దానిని గౌరవప్రదమైన విద్యగా చూడడం అరుదు. చేతికి నూనె అంటే పనిని చిన్నచూపు చూసే సమాజం, కొంతకాలానికి తన వస్తువులను తాను బాగుచేసుకోలేని స్థితికి చేరుతుంది. పాత జీపుతోపాటు అంతరించిపోయే ప్రమాదం ఉన్నది ఈ జ్ఞానమే.

పాత బండిని సమర్థించేవారు ఒక బలమైన ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉంది. ఆ బండి నడిచే రోడ్డు యజమానిది కావచ్చునేమో గాని, అది పొగ వదిలే గాలి అతనిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఎంత చక్కగా చూసుకొన్నా, పొగలోని సన్నని మసిని పట్టుకొనే పరికరాలు లేని పాత ఇంజను, స్టేజ్-6 ఇంజను వలె శుభ్రంగా ఉండలేదు. సంరక్షణ పొగను తగ్గించగలదు గాని, పుట్టుకతో లేని గుణాన్ని ఇవ్వలేదు. ప్రయాణికుల భద్రత విషయమూ అంతే. గాలిసంచులు లేని బండికి మంచి బ్రేకులు, మంచి టైర్లు, నిదానమైన వేగమే రక్షణ. ఈ వాస్తవాన్ని దాచి పాతదంతా బంగారమనడం నిజాయితీ కాదు.

చట్టం కూడా ఈ రెండు పక్షాల నడుమ దారి వెతుకుతూ వచ్చింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనపు నమోదు 15 సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత తనిఖీ చేయించి, ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. కారు పునరుద్ధరణ రుసుమును కేంద్రం 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెంచగా, అది 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు దానిని 10,000 రూపాయలు చేసింది. ఢిల్లీ పరిసరాలలో పదేళ్ళు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని జాతీయ హరిత న్యాయస్థానం 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. 2021 ఆగస్టులో ప్రారంభమైన జాతీయ వాహన తుక్కు విధానం మాత్రం వయసుతోపాటు వాహన సామర్థ్య పరీక్షకు ప్రాధాన్యమిచ్చింది. వయసును చూడాలా, స్థితిని చూడాలా అన్న వివాదం 2025లో మళ్ళీ సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది.

వయసు లెక్కించడం తేలిక. స్థితిని పరీక్షించడం కష్టం. తేలికైన కొలత ఎల్లప్పుడూ న్యాయమైన కొలత కాదు. పదేళ్ళకే నల్లపొగ కక్కే బండి రోడ్డు మీద తిరగడం, ఇరవై ఏళ్ళయినా ప్రమాణాలకు లోబడిన బండి తుక్కు కావడం రెండూ అన్యాయాలే. అయితే స్థితినే చూడమని కోరేవారు ఆ పరీక్షకు నిజంగా సిద్ధపడాలి. భారత్ స్టేజ్-4కు ముందటి డీజిల్ వాహనాలకు పొగ సాంద్రత 65 హార్‌ట్రిడ్జ్ యూనిట్లకు మించరాదని నియమం ఉంది. ఆ పరీక్ష పత్రాన్ని డబ్బిచ్చి తెచ్చుకొనే కాగితంగా భావించే యజమానికి పాత బండిని ఉంచుకొనే నైతిక హక్కు లేదు. పరీక్షలో నెగ్గడం గొప్ప కాదు. అది కనీస అర్హత.

కనుక పాత బండి భవితవ్యాన్ని నిర్ణయించేటప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఛాసిస్ తుప్పు పట్టకుండా దృఢంగా ఉందా? బ్రేకులు, స్టీరింగు నమ్మదగినవిగా ఉన్నాయా? ముఖ్యమైన విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయా? పొగ పరిమితిలో ఉందా? ఆ బండితో నిజంగా పని ఉందా? పొలానికో, కొండదారికో, ఇతర బండ్లు పోలేని చోటికో అప్పుడప్పుడు వెళ్ళే బండిని కాపాడుకోవడం సమంజసం. ప్రతిరోజూ నానక్‌రామ్‌గూడ రద్దీలో ఒక్క మనిషిని కార్యాలయానికి చేర్చడానికి అదే బండిని మండించడం సమంజసం కాదు. ఈ ప్రశ్నలలో భద్రతకు, పొగకు సంబంధించిన దేనికైనా "లేదు" అన్న సమాధానం వచ్చి, దానిని సరిదిద్దే వీలు లేకపోతే, ఆ బండిని నమోదైన తుక్కు కేంద్రానికి గౌరవంగా సాగనంపాలి. బాగుచేయడం ఎంత బాధ్యతో, విడిచిపెట్టవలసిన వేళను గుర్తించడమూ అంతే బాధ్యత.

"మిళిందపన్హ" అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడు మిళింద మహారాజును రథం గురించి ప్రశ్నిస్తాడు. ఇరుసు రథమా? చక్రం రథమా? కాడి రథమా? వేటినీ రథమని రాజు చెప్పలేకపోతాడు. అన్నీ తగిన విధంగా కూడినప్పుడే రథమన్న పేరు వస్తుందని ఆ సంవాదం తేల్చుతుంది. వాహనపు మన్నిక కూడా అటువంటిదే. అది ఇంజనులో లేదు, గేరుపెట్టెలో లేదు, సంస్థ పేరులో లేదు. మంచి తయారీ, శుభ్రమైన ఇంధనం, వేళకు మార్చిన ఆయిలు, నేర్పు గల మెకానిక్, నిగ్రహం గల డ్రైవరు, లెక్కలు రాసుకొనే యజమాని అందరూ కలిసినప్పుడే దానికి మన్నిక అన్న పేరు వస్తుంది. వీరిలో ఒక్కరు తప్పుకొన్నా ఆ పేరు నిలవదు.

ఈ విషయం ఒక వాహనంతో ముగిసేది కాదు. తెలుగు నేలను పాలించినవారు చెరువులు తవ్వించడంతో సరిపెట్టుకోలేదు. చెరువును నిర్మించి, బాగుచేసే వారికి దశబంధం పేరిట భూమిని మాన్యంగా ఇచ్చే పద్ధతి ఉండేది. కట్ట తెగకుండా, పూడిక పేరుకోకుండా చూసే బాధ్యత ఆ మాన్యంతో ముడిపడి ఉండేది. నిర్మించిన నాడే పోషణకు ఏర్పాటు చేయడం ఆనాటి వివేకం. ఏటేటా కొత్త భవనాలు, కొత్త వంతెనలు, కొత్త రోడ్లు వెలుస్తున్న నానక్‌రామ్‌గూడ వంటి చోట్ల ఈనాడు అత్యవసరమైనది ఆ వివేకమే. ప్రారంభోత్సవపు శిలాఫలకం మీద పేరుండదు గాని, లిఫ్టుకు ఆయిలు వేసేవాడు, మురుగు కాలువలో పూడిక తీసేవాడు, వంతెన అతుకులను పరీక్షించేవాడు లేకపోతే ఆ నగరం పదేళ్ళయినా నిలవదు.

నేడు కళాశాలలో చదువుతున్న యువతీయువకులలో చాలామంది రేపు యంత్రాలను రూపొందిస్తారు. అందరూ యంత్రాలను వాడతారు. కొత్త వస్తువును ఎంచుకోవడానికి చూపే ఆసక్తిలో నాలుగవ వంతు ఉన్న వస్తువును చూసుకోవడంలో చూపితే కుటుంబానికి ధనం, దేశానికి వనరులు మిగులుతాయి. బాగుచేయగల వస్తువును పారవేయకుండా ఉండడం, పరులకు హాని చేసే వస్తువును మమకారంతో పట్టుకు వేలాడకుండా ఉండడం, ఈ రెండింటి నడుమనున్న విచక్షణే సంరక్షణ. ఇంటిలో పాత బండి ఉన్నవారు ఈ వారమే దాని ఆయిలు కడ్డీని తీసి చూడవచ్చు, పొగ పరీక్షకు తీసుకుపోవచ్చు, ఎప్పుడు ఏ మరమ్మతు జరిగిందో ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టవచ్చు. ఆ బండిని ఉంచుకోవాలా, సాగనంపాలా అన్నది ఆ తరువాత దాని స్థితే చెబుతుంది.